సంతకాలాయన గేటు చీటీ

ఆయన పోయినప్పుడు చూడవచ్చినవాళ్లంతా “పాపం, నోట్లో నాలుక లేని మనిషి” అన్నారు. ఆ మాటకి ఆవిడకు ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. నాలుక లేదని ఎవరు చెప్పారు వీళ్లకి?

ముప్పై ఒక్క ఏళ్లు శాసనసభలో బట్వాడా పని చేసిన మనిషాయన. కాగితాల కట్ట చేతికిచ్చి, తన పుస్తకంలో అందినట్టు సంతకం, తేదీ, వేళ వేయించుకుంటే గానీ గడప దిగేవాడు కాదు. ఒక మంత్రి తేదీ వేయకుండా గీకి పారేస్తే గంటన్నర నిలబడి వేయించుకొచ్చాడు. వీధిలో అందరికీ ఆయన సంతకాలాయనే.

“మీ ఆయన్ని గొడుగు అడగాలంటే భయం. గొడుగుతోపాటు కలం కూడా చేతిలో పెడతాడు” అనేది పక్కింటి వదిన.

“నన్నూ సంతకం పెట్టే తెచ్చుకున్నాడు వదినా. అందుకే వాపసు పంపలేక ఊరుకున్నాడు” అని ఈవిడ నవ్వేది.

ఆ నవ్వులన్నీ మరిదిని తీసుకుపోకముందువి. మరిది అచ్చాఫీసులో యంత్రం నడిపేవాడు. అధ్యక్షుణ్ణి తప్పుబట్టిన కరపత్రమేదో అక్కడ అచ్చయిందని, పట్టపగలు, పోలీసులు అన్నం ముందునుంచి లేపి తీసుకుపోయారు. చేతికి మెతుకులు అలాగే ఉన్నాయి. కోర్టు లేదు, విచారణ లేదు. అధ్యక్షుడి సంతకం ఒక్కటి చాలట! అలా పోయినవాళ్లు మూడు వందల పైచిలుకు.

ఐదు నెలలకి సభకి రోషం వచ్చింది. ఎవర్ని పట్టుకున్నా పది రోజుల్లో కోర్టు ముందు నిలబెట్టాల్సిందేనని బిల్లు పాసు చేసింది. బిల్లు తన భవనానికి అందాక ముప్పై రోజుల్లో అధ్యక్షుడు సంతకం పెట్టాలి, లేదా వెనక్కి పంపాలి. రెండూ చేయకపోతే అదే చట్టమైపోతుంది. అది రాజ్యాంగంలో ఉన్న మాట. సభ గడువేమో ఇంక నలభై రోజులే. ఆలోపు చట్టం కాకపోతే బిల్లు మురిగిపోయినట్టే.

ఆ కట్ట పట్టుకెళ్లే పని ఆయనకే పడింది. “తమ్ముణ్ణి నేనే వెళ్లి తెస్తున్నట్టుందే” అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.

భవనం గేటు దగ్గర కాపలావాళ్లు కట్ట తీసుకుని చీటీ ఒకటి రాసిచ్చారు. సీలు వేసినదేదైనా గేటు గదిలోనే ఉండాలి, లోపలివాళ్లే తెప్పించుకోవాలి, మళ్లీ బయటికి ఇవ్వరు. అది అక్కడి కట్టుబాటు. ఆయన చీటీ జేబులో కుక్కుకుని, తన పుస్తకం పట్టుకుని లోపలి గుమాస్తా దగ్గరికి వెళ్లాడు.

గుమాస్తా కలం మూతతో చెవి గోక్కుంటూ “చేతులు ఖాళీ లేవయ్యా, రేపు రా” అన్నాడు.

మర్నాడు వెళ్తే “అయ్యగారు పర్యటనలో ఉన్నారు” అన్నాడు.

“అయ్యగారిది కాదండీ, తమరి సంతకం. అందినట్టు.”

“నేను కట్ట చూస్తేగా అందేది?”

“గేటు గదిలోనే ఉంది, తెప్పించుకోండి.”

“తెప్పించుకుంటాంలే. మీ సభవాళ్లకేం, అరవడం తప్ప పనుందా? మాకు దేశాన్ని నడిపే పని.”

రోజూ అదే బల్ల, అదే జవాబు. సంతకం లేదు గనక అందలేదు. అందలేదు గనక ముప్పై రోజుల లెక్క మొదలే కాలేదు. సభలో పెద్దలు గుమాస్తాని వదిలేసి ఈయన్నే కసిరారు: “ఒక్క సంతకం తేలేవా?”

పన్నెండో రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చి పుస్తకం నేలకేసి కొట్టాడు. ఆ పుస్తకం నేల తాకడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

“అయిపోయిందే. ఇప్పుడు సంతకం పెట్టినా ముప్పై రోజులు మిగల్లేదు. తమ్ముడిక రాడు.”

“కట్ట ఎక్కడుంది?”

“వాళ్ల గేటు గదిలో.”

“గేటు ఎవరిది? కాపలావాళ్లెవరు?”

“అన్నీ వాళ్లవే.”

“మరి పాలవాడు మన గుమ్మంలో గిన్నె నింపి పోయాక, నేను లోపలికి తెచ్చుకోలేదు గనక పాలు అందలేదంటే ఊరుకుంటాడా?”

“వెర్రిదానా, సంతకం కావాలే!”

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. చొక్కాలు నానబెట్టే ముందు జేబులు తడిమి, దొరికిన కాగితమల్లా తలుపు వెనక ఊచకి గుచ్చడం ఆవిడ అలవాటు. మందుల చీటీ, ఇస్త్రీ చీటీ తీసి, వాటి కిందిది తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ‘సభ నుంచి సీలు వేసిన కట్ట ఒకటి. ఉదయం పదిన్నర.’ మొదటి రోజు తేదీ. కింద భవనం ముద్ర, కాపలా అధికారి సంతకం.

“గేటు దగ్గర గొడుగులకిచ్చే చీటీలాంటిదే అనుకున్నానే” అన్నాడాయన. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడు పాపం.

మర్నాడు స్పీకరు ఆ చీటీ సభలో చదివాడు. అది లెక్కలోకి రాదని భవనం కోర్టుకెక్కితే, గేటు కూడా ఇంట్లో భాగమేనని కోర్టు తేల్చింది. ముప్పై రోజులూ గడిచాయి. బిల్లు చట్టమైంది. సభలో బల్లలు దద్దరిల్లేలా చరిచారు.

ఆ చేతుల వేడి ఆరకముందే ఆయన్ని పనిలోంచి ఆపేశారు. అధికారిక కాగితాన్ని వంటింటి ఊచకి గుచ్చాడని భవనం ఫిర్యాదు రాసిందట. వాళ్లతో ఇంకో గొడవ దేనికని సభే ఉత్తర్వు ఇచ్చింది! ఎద్దులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరగడమంటే ఇదే. అధ్యక్షుడు చెడ్డవాడని ముందే తెలుసు. బల్లలు చరిచినవాళ్ల మీద ఆవిడ కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

కోర్టులో పెట్టడానికి కేసే లేక వాళ్లు వదిలేస్తే, ఆ మర్నాడే జైలు జమాదారు మరిదిని తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. మనిషి సగమయ్యాడు.

“వదినా, ఆ రోజు నా అన్నం సగంలో ఉంది. దాచావా?” అని నవ్వబోయి ఏడ్చేశాడు.

జమాదారు కాగితం చాపాడు. “మనిషి అందినట్టు సంతకం పెట్టు.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. “తీసుకుపోయిన తేదీ ఏదీ?”

“వచ్చిన తేదీ ఉందిగా, చాల్లే.”

“చాలదు. నూట ఎనభై ఆరు రోజులు మీ దగ్గరున్నాడు. అది రాయందే పెట్టను.”

“పెట్టకపోతే వెనక్కి తీసుకుపోతా.”

ఆవిడ మరిది చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన మాత్రం కదల్లేదు.

“తీసుకుపో. పది రోజుల్లో కోర్టులో చూపించాలి. ఇప్పుడు చట్టముంది. దాన్ని మోసుకెళ్లిందీ నేనే.”

జమాదారు గొణుక్కుంటూ తేదీ రాశాడు. అప్పుడు సంతకం పెట్టాడాయన. పక్కనే తేదీ, వేళ వేశాడు.

నోట్లో నాలుక లేని మనిషట!