లాటిన్ నక్షత్రాలకు సంత చెప్పిన రోజులు

పోయిన ఆదివారం మా తమ్ముడి మనవరాలు ఏదో క్విజ్ పోటీకి చదువుకుంటూ, ఒక నక్షత్రమండలం పేరు ఎలా పలకాలని తన ఫోనును అడిగింది. ఫోను ఒక తీరుగా పలికింది. పక్కనే కూర్చున్న దాని స్నేహితురాలి ఫోను ఇంకో తీరుగా పలికింది. ఇద్దరూ కాసేపు తగాదా పడి, తీర్పు కోసం నా దగ్గరికి వచ్చారు. రెండూ చెల్లుతాయి, కాకపోతే ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దానిమీదే నిలబడండి అని చెప్పి పంపించాను. కానీ ఆ తర్వాత మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. లాగరిథమ్ పట్టికలు తిరగేసి లెక్కలు చేసిన నా ఈడు వాళ్ళకైతే ఈ సంగతి చెబితే అర్థమవుతుందనిపించి రాస్తున్నాను.

నేను అలిపిరి దారిలో ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతికి సామాన్యశాస్త్రం చెప్పే ఆమె పురిటికి పోవడంతో ఆ పాఠాలూ నా నెత్తిన పడ్డాయి, అందులో నక్షత్రాల పాఠం ఒకటి. మన అశ్వని, భరణి పిల్లలకు వచ్చు. పుస్తకంలో ఉన్నవేమో లాటిన్ పేర్లు, వాటిని ఎలా నోట పట్టించాలో నాకే తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం నాకు ఆనాడూ చేతకాలేదు, ఈనాడూ చేతకాదు. కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి నిఘంటువు వెనక పేజీల్లో లాటిన్ ఉచ్చారణ నియమాలు దొరికితే వారం పాటు సాయంత్రాలు అక్కడే కూర్చుని రాసుకున్నాను.

రాసుకుంటూ ఉంటే భయం పోయి సంతోషం కలిగింది. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దాని ముందున్న అక్షరం మీద. గురువూ లఘువూ మనకు కొత్తవా? పద్యానికి గణాలు విడదీసిన ఏ తెలుగు పిల్లకైనా ఇది పొద్దుటి పాఠమే. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ నోటికి తిప్పుకుని జెమినై, స్పైకా, రెగ్యులస్, సీటస్ అంటారు, ఖగోళం చదివినవాళ్ళలో ఎక్కువమంది అలాగే అంటారు, అది తప్పేమీ కాదు. పాత లాటిన్ పద్ధతిలో మాత్రం గెమినీ, స్పీకా, రేగులుస్, కేతుస్. ఒక అక్షరానికి ఒకే శబ్దం, మన తెలుగు లాగానే. నేను ఈ రెండో పద్ధతి పట్టుకున్నాను. అల్డెబరాన్ లాంటివి అసలు లాటినే కావని, అరబ్బీ అని చెప్పింది మా బడిలో ఉర్దూ చెప్పే ఆమె. కృత్తికల వెంట నడుస్తుంది కాబట్టి వెంబడించేది అని అర్థమట. అద్‌దబరాన్ అని ఆమె దకారాన్ని ఒత్తి పలికి చూపించింది. తాను చిన్నప్పుడు ఖురాను చదవడం నేర్చింది పుస్తకం చూసి కాదనీ, వాళ్ళ నానమ్మ నోరు చూసి అనీ ఆమె చెప్పినప్పుడు, ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నామనిపించింది.

ఎందుకంటే మా నాయన గుళ్ళో ఆళ్వారుల ప్రబంధం చదివే గోష్ఠిలో ఉండేవాడు. పొద్దున్నే మా ఇంటి నడవలో పిల్లలకు సంత చెప్పేవాడు. గురువు ఒకసారి అంటాడు, శిష్యులు రెండుసార్లు అంటారు, అదీ సంత. ఆ పాశురాల తమిళంలో మన అక్షరాలకు అందని ఒక శబ్దం ఉంది. తెలుగులో ఎంత బాగా అచ్చు వేసినా అది కాగితంలోంచి రాదు, పలికేవాడి నాలుక ఎక్కడ మడత పడుతుందో చూసి పట్టుకోవాల్సిందే. ఆడపిల్లనని నన్ను వరసలో కూర్చోబెట్టకపోయినా, వంటింటి గడపలో నిలబడి నేనూ రెండుసార్లు అనేదాన్ని. నాయన చూసీ చూడనట్టు ఉండేవాడు గానీ, నేను తప్పు పలికిన చోట మాత్రం వరసలో ఉన్న పిల్లలతో మళ్ళీ అనిపించేవాడు.

నక్షత్రాలకూ ఆ సంతే పెట్టాను. నేను ఒకసారి పేరు చెబుతాను, పిల్లలు రెండుసార్లు చెప్పాలి. దానికి నేను కలిపింది ఒక్కటే. పేరు చెబుతున్నంతసేపూ ఆ నక్షత్రం ఆ నిమిషానికి ఎక్కడ ఉందో అక్కడికి చెయ్యి చాపాలి, మోచెయ్యి వంగకూడదు. మాకు ఆ పీరియడు పట్టపగలు. నక్షత్రాలు పగలు ఎక్కడికీ పోవు గనక కొన్నిటికి చేతులు పైకప్పులోకి, కొన్నిటికి గోడలోకి లేచేవి. దిక్కులు తప్పకుండా ముందురోజు రాత్రి నేను లెక్క కట్టి తెచ్చేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ ఒకసారి కిటికీలోంచి తొంగిచూసి, "ఏందమ్మా, నీ పిల్లోళ్ళు గోడల్లోకీ గచ్చులోకీ ఏళ్ళు సూపిస్తా ఉండారు, బూజులు దులిపించేదానికా?" అని ఎగతాళి చేసింది. పిల్లలతో పాటు నేనూ నవ్వాను.

ఆమే మార్చి నెలలో ఒకనాడు నన్ను పిలిపించింది. సూళ్లూరుపేట వైపు రాకెట్ల కేంద్రంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, తన సొంత టెలిస్కోపును తిరుపతిలో ఏదో ఒక బడికి ఇచ్చేస్తాడట. మగపిల్లల బడి చూసేసినాడట, మన బడికీ వస్తాడట. రెండింటిలో పిల్లలకు ఆకాశం ఎక్కడ తెలిస్తే దాన్ని అక్కడ పెడతాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. దుర్భిణి అనే మాట చదివించడమే గానీ, దాంట్లోంచి చూసిన ఆడపిల్ల మా బడిలో ఒక్కతీ లేదు. నేనూ చూడలేదు.

ఆయన వచ్చింది గురువారం. శుక్రవారమని మా ఉర్దూ టీచరు ఇప్పటికీ వాదిస్తుంది గానీ, శుక్రవారాలు హెడ్మిస్ట్రెస్ తలంటి పోసుకుని సాయంత్రం గడప దాటేది కాదు, ఆరోజు ఆమె మేడమీద మాతోనే ఉంది. చీకటి పడగానే మేడ ఎక్కాం. ఉత్తరాన కొండ అడ్డం కాబట్టి ధ్రువుడు మాకు లేడు, మిగతా ఆకాశమంతా మాదే. పిల్లలు ఆయన వెనక వరసగా నిలబడ్డారు. ఆయన గొంతు సవరించుకుని, దక్షిణం వైపు తిరిగి, "అదిగో, కేనిస్ మేజర్," అన్నాడు. వెంటనే వెనక నుంచి పిల్లలందరూ ఒక్క గొంతుతో కేనిస్ మేజర్, కేనిస్ మేజర్ అన్నారు. ఆయన ఉలిక్కిపడి, సర్దుకుని, "అందులో సిరియస్," అన్నాడు. సిరియస్, సిరియస్. నేను చెప్పిన కనిస్ మాయోర్ ఏమైందో అని నేను చూస్తున్నాను. సంతలో గురువు ఎలా అంటే అలాగే అనాలి గదా, వాళ్ళు అలాగే అన్నారు.

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. చాచిన చేతులన్నీ భయానికి టక్కున దిగిపోయాయి, ఆయన వాటిని చూడనే లేదు.

"ఏమ్మా, నన్ను వెక్కిరిస్తున్నారా?"

హెడ్మిస్ట్రెస్ ముఖం పాలిపోయింది. "నోర్లు మూయండే! పెద్దాయన ముందర యాడ నేర్చినారు ఈ కోతి చేష్టలు?" అని పిల్లల్ని కసిరి, నా చెవిలో, "పాయె, టెలిస్కోపు మొగపిల్లోళ్ళకే పాయె," అంది.

నేను ముందుకు వచ్చి చెప్పాను. ఇది వెక్కిరింత కాదు, ఇది మా ఊళ్ళో పాఠం పట్టుకునే పద్ధతి, మీరు గురువు స్థానంలో నిలబడ్డారు కాబట్టి మీ నోట వచ్చింది వాళ్ళు రెండుసార్లు అన్నారు అని. ఆయన నమ్మలేదు. చిలకపలుకులు ఎవరైనా పలుకుతారు అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. "అయితే సార్, మీరు పిల్లల వైపే తిరిగి చెప్పండి. ఏ పేరైనా, మీ ఇష్టం వచ్చిన తీరుగా పలకండి," అన్నాను.

ఆయన రెగ్యులస్ అన్నాడు. రెండుసార్లు ఆ పేరు వినబడింది, చేతులన్నీ తూర్పుకు లేచాయి. అల్డెబరాన్ అన్నాడు. చేతులు పడమటికి తిరిగాయి. కెనోపస్ అంటే దక్షిణాన అగస్త్యుడి మీదికి. ఆయన ముఖంలో కోపం పోయింది, పరీక్ష పెట్టే ఉపాధ్యాయుడి చిన్న కొంటెతనం వచ్చింది. "ఆంటేరీజ్," అన్నాడు.

ఆ నక్షత్రం, మన జ్యేష్ఠ, ఆ వేళకు ఆకాశంలో లేదు. పైగా పిల్లలు నేర్చింది అంతారేస్ అని, ఆంటేరీజ్ అన్నది ఎన్నడూ విన్నవాళ్ళు కారు. ఆంటేరీజ్, ఆంటేరీజ్ అన్నారు, చేతులు మాత్రం లేవలేదు. హెడ్మిస్ట్రెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ముందు వరసలో, రోజూ వడమాలపేట నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి, తన ఊరి దిక్కుకు తిరిగి, చెయ్యి చాపి, వేలు కిందికి, మేడ గచ్చులోకి పెట్టింది. ఒకరి తర్వాత ఒకరుగా అందరి చేతులూ ఆ ఆగ్నేయం మూలకే, నేలలోకే దిగాయి.

"అదేందమ్మా, నేలలో ఉండాదా?" అని ఆయన కూడా మా యాసలోనే అడిగాడు.

"ఇంకా పుట్టలేదు సార్. మా ఊరికి అవతల, కింద ఉండాది. మీరు అర్ధరాత్రి దాటిందాకా ఈడనే ఉంటే పైకొస్తాది, సూడొచ్చు," అంది ఆ పిల్ల. అందరం నవ్వాం, అందరికంటే పెద్దగా ఆయన.

జూన్లో బడి తెరిచేటప్పటికి టెలిస్కోపు మా సైన్సు గదిలో ఉంది. మొదట కన్ను పెట్టింది ఆ వడమాలపేట పిల్ల, తర్వాత మిగతావాళ్ళు, అందరి తర్వాత నేను. నేను బడి వదిలేదాకా సంత ఆగలేదు, లెక్క తప్పలేదు. ఆ రెండు మాటలూ గర్వంగానే రాస్తున్నాను.

ఇప్పుడు ఆ మేడ మీద ఇంకో అంతస్తు లేచిందని, ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారని విన్నాను. పెట్టనీ, పిల్లలకు అవీ కావాలి. ఊరి దీపాల వెలుగు మాత్రం రాత్రంతా ఆకాశాన్ని సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంచుతోంది. మా డాబా మీద నిలబడితే నెత్తిన ఉన్న నక్షత్రాలే చాలావరకు కనబడవు. ఒకప్పుడు ఇదే ఊళ్ళో, ఇంకా పుట్టని నక్షత్రం నేల కింద ఎక్కడుందో చెయ్యి చాపి చూపించిన పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళు నా పిల్లలు.