పాత కారు, కొత్త బోర్డు: శామీర్‌పేట నుంచి దుండిగల్ దాకా

నేను శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాణ్ని, చదివింది ఏడో తరగతి. అయినా ఈ ప్రయాణం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నవాళ్ళకు ఇది తప్పకుండా పనికొస్తుంది. మా లావణ్య మాకు లేక లేక పుట్టిన బిడ్డ. దుండిగల్ వైపు ఒక కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆమె ప్రాజెక్టు ఒక చిన్న నాలుగు చక్రాల కారు. నేల మీద నల్లగీత వెంట అది తనంతట తానే పోవాలి, మనిషి అడ్డమొస్తే కెమెరాతో చూసి ఆగాలి. కారు కిట్టు సీనియర్ల దగ్గర తీసుకున్న పాతది. దాని మీద అరచేయంత కంప్యూటర్ బోర్డు ఉంటుంది. పాత బోర్డు నిదానం. ఎదురుగా ఉన్నది మనిషి అని పోల్చుకునేలోపే కారు పోయి కాలికి గుద్దేది. అందుకని లావణ్య కొత్త రకం బోర్డు తెచ్చుకుంది. చూడటానికి రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉన్నాయి కానీ, కెమెరా తీగ పెట్టే మూతి కొత్తదానికి సన్నగా ఉంది. పాత తీగ అందులో పట్టదు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. అది తప్పితే మళ్ళీ ఆరు నెలలకే, అంతవరకు ఉద్యోగమిస్తామన్న కంపెనీ ఎదురుచూడదు.

సన్నమూతి తీగ మేడ్చల్‌లో బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి బుధవారం పొద్దున పదింటికి వస్తుందని చెప్పారు. ఎనిమిదింటికే శామీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కాము, మనిషికి నలభై రూపాయలు. కుదుపులకు కారు దెబ్బతినకూడదని నా చేపల థర్మాకోల్ పెట్టెను మూడుసార్లు కడిగి, అందులో పెట్టాను. లావణ్య మూత తీసి చూసి, "నాయినా, థర్మాకోల్ రుద్దుకుంటె కరెంటు పుడ్తది. బోర్డు ఖతమైతది" అని బోర్డును మాత్రం విప్పి మెరిసే సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకుంది. ఆటో డ్రైవర్ అద్దంలోంచి పెట్టెను చూస్తూనే ఉన్నాడు.

"కాకా, బొచ్చెలా రవ్వులా? కిలో ఎట్లిస్తున్నవ్?"

"చేపలు గావు బిడ్డా. కారున్నది అండ్ల."

"కారున్నోనివి నా ఆటోల ఎందుకెక్కినవే?"

ఆటో అంతా నవ్వింది. పక్కన కూర్చున్న ఆమె మూత ఎత్తి చూసి, "నిజమే, కారే ఉన్నది. వాసన మాత్రం చేపలదే" అంది.

తొమ్మిదికి మేడ్చల్‌లో దిగి, టీ తాగి, దుకాణం తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాము. దుకాణం సలీం భాయ్ మాట తప్పలేదు. తీగ అంటే తీగలా కూడా లేదు, కాగితం పట్టీలా పల్చగా ఉంది. ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. మూడు వందల యాభై తీసుకున్నాడు. లావణ్య గోటితో బోర్డు మూతి మీది చిన్న పట్టీ లేపి, తీగ జొనిపి నొక్కింది. బోర్డును మళ్ళీ కారుకు బిగించి ఆన్ చేస్తే, కెమెరా ముందున్న నా ముఖం ఆమె ఫోన్లో కనబడింది, దాని చుట్టూ ఆకుపచ్చ డబ్బా గీసి ఉంది.

"నువ్వు మనిషివని తెలిసింది దానికి" అంది లావణ్య.

"ఎవరు జెప్పిండ్రు?"

"నేనే నేర్పిన నాయినా."

కానీ దుకాణం నేల మీద నల్ల టేపు అంటించి నడిపితే కారు నేరుగా బాగానే పోయింది, మలుపులో మాత్రం గీత వదిలి గోడకేసి పోయింది. రెండోసారీ అంతే. సలీం భాయ్ గడియారం చూసి, "పరేషాన్ గాకు చెల్లె, ఇంకా టైమున్నది" అన్నాడు. లావణ్య చెంప నేలకానించి మూడోసారి చూసింది. కొత్త బోర్డుకు కరెంటు ఎక్కువ కావాలి. చక్రాల బ్యాటరీ మీదే పెడితే చక్రాలు కదలగానే బోర్డు ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేదట. అందుకని ఇంటి దగ్గరే దానికి వేరే పెద్ద పవర్ బ్యాంకు కారు వెనక అంటించింది. ఆ బరువుకు ముందు చక్రాలు తేలిపోతున్నాయి.

"నాయినా, తెప్ప మీద ఎనక బరువైతె ఏం జేస్తవ్?"

"వల ముందటికి జరుపుత."

"అంతే గద."

పదో తరగతి దాకా నాతో తెప్ప ఎక్కిన పిల్ల. నా పని చూసి మనసులో ఇంత దాచుకుందని నాకే తెలియదు. కారు మధ్యలో పవర్ బ్యాంకు బిగించడానికి రంధ్రాలు లేవు. జేబులో ఉన్న నైలాన్ దారంతో నేను కట్టాను. "బోర్డు మీది చిన్న ఫ్యాన్ మీదికెళ్లి కట్టకు, గాలాడక వేడెక్కుతది" అని నా చేతి మీద ఒకటి వేసింది. ఈసారి కారు మలుపు తిరిగింది. అప్పటికి పదకొండున్నర.

మేడ్చల్ నుంచి దుండిగల్‌కు ఆటోలో ముప్పావు గంట పట్టింది. "రెండు బోర్డులకు తీగలు గుచ్చే పిన్నులు నలభై అవే గదా, కొత్తదానితోని వారం రోజులు ఏం జేసినవ్?" అని అడిగాను. పిన్నులు అవే అయినా వాటిని నడిపించే చిప్పు మారిందట. పాత బోర్డుకు రాసిన ఆజ్ఞలు దీనికి పనిచేయవట, అందుకని చక్రాలకు సంబంధించినదంతా కొత్తగా రాసిందట. ఆ వారమంతా ఫోనూ ల్యాప్‌టాపూ పట్టుకుని కూర్చుందని నేను కసిరాను. ఆటోలో తల ఎత్తలేకపోయాను. కాలేజీ ముందు మెస్సులో భోజనం తొంభై, అన్నం సగం వదిలేశాను. వడ్డించే ఆమె, "పరీక్ష బిడ్డకా, నీకా తాతా?" అంది.

మూడింటికి పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం కూర్చున్నారు. కారు గీత వెంట పోయింది, రెండు మలుపులూ తిరిగింది. "మనిషి ముంగట ఆగుతదా? ఎవరు నిలబడ్తరు?" అన్నారు మేడం. నేను చెప్పులు విప్పి గీత మీద నిలబడ్డాను. "పెద్దాయనా, తగుల్తదేమో" అన్నారు. "నా బిడ్డ జేసింది మేడం" అన్నాను. కారు గుర్రుమంటూ వస్తోంది. లావణ్య పెదవి కొరుక్కుంటోంది. నా బొటనవేలికి జానెడు దూరంలో అది నిలిచిపోయింది. నేను పక్కకు జరిగితే ఒక్క క్షణం చూసి మళ్ళీ తన దారిన పోయింది. మేడం నన్ను ఇంకో రెండుసార్లు నిలబెట్టారు. రెండుసార్లూ నిలిచింది. అప్పుడు సంతకం చేసి, "ఉద్యోగంల ఎప్పుడు చేరుతున్నవ్ లావణ్యా?" అని అడిగారు.

నలభై ఏళ్ళుగా నీళ్ళ కింద కనబడనివి ఎక్కడున్నాయో పసిగట్టడమే నా పని. ఆ రోజు అరచేయంత బోర్డొకటి నన్ను పసిగట్టి, నాకు దెబ్బ తగలకూడదని నిలిచింది. దానికి ఆ చూపు ఇచ్చింది నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. ఎంత తలుచుకున్నా నాకు తనివి తీరడం లేదు. మీ పిల్లలు కూడా పాత కారు కిట్టుకు కొత్త బోర్డు పెడుతుంటే ఒక్కటే చెబుతాను: బోర్డు కొన్న రోజే దానికి సరిపడే సన్నమూతి కెమెరా తీగ కూడా కొనండి, పరీక్ష రోజుదాకా ఉంచుకోకండి. మిగతాది పిల్లలు చూసుకుంటారు. మీరు మాత్రం వెంట వెళ్ళి, వాళ్ళు నడిపిన కారు ముందు ఒకసారి నిలబడండి.