ఎడమ పక్క సగం పువ్వు

మా అత్తగారిది నాగాయలంక. దివిసీమలోని దెయ్యాలన్నీ ఆవిడకి పేరుపేరునా తెలుసు. ఒకసారి పులిగడ్డ వంతెన మీద బస్సు ఆపి ఎక్కిన తెల్లచీర మనిషి గురించి చెప్పింది. ఏ సంవత్సరం అని అడిగాను. చెప్పింది. అప్పటికి ఆ వంతెన కట్టనేలేదు, పడవ మీద దాటేవాళ్లు. ఆ మాటే అన్నాను. "మీతో కథ చెప్పడం కష్టం అల్లుడుగారూ" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను అలాంటివాణ్ణి. ఎవరైనా వింత చెబితే ముందు తేదీ, టైము, దూరం అడుగుతాను. ఆ మూడూ సరిపోయిన వింత ఒక్కటీ నాకు తగల్లేదు. ఇప్పుడు నేను రాసేదాంట్లో తెల్లచీరలు లేవు. పట్టపగలు, పదిమంది పనిచేసే చోట జరిగింది. తేదీ, టైము నా పుస్తకంలోనే ఉన్నాయి.

పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్నాను. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది, లెక్కలు ఆగలేదు. బందరులో పాత పుస్తకాల కొట్టులో పదో తరగతి, ఇంటర్ లెక్కల పుస్తకాలు కొనుక్కుని ఒక్కణ్ణే కూర్చుని చేసుకున్నాను. ఏ దుప్పటికి ఎన్ని అచ్చులు పడతాయి, చివర ఎంత మిగులుతుంది అన్నవి షెడ్డులో నన్నే అడుగుతారు.

మాకు ఒక్కడే కొడుకు, ప్రవీణ్. ఇంటర్ అయ్యాక రెండేళ్లు నా పక్క బల్ల మీదే అద్దకం చేశాడు. తర్వాత ఆర్మీకి వెళ్తానన్నాడు.

వాణ్ణి ఆర్మీకి పంపింది ఒక రకంగా నేనే. పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తాలని చెప్పాడు. షెడ్డులో గుడ్డ కొలిచే టేపు పట్టుకెళ్లి కాలవ గట్టు మీద పదహారు వందల మీటర్లు కొలిచి సున్నం గీత వేశాను. మొదటి రోజు ఆరు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. రోజూ తెల్లారగట్ల వాచీ పట్టుకుని గీత దగ్గర నిలబడేవాణ్ణి. ఎక్కడ వేగం తగ్గుతోంది, ఎక్కడ బలం అనవసరంగా ఖర్చవుతోంది అని నాలుగు ముక్కలు చేసి చెప్పేవాణ్ణి. ఏడు నెలల్లో ఐదు నిమిషాల పద్దెనిమిదికి తెచ్చాం. ఆ "తెచ్చాం" అన్న మాటలో ఎంత సంతోషపడ్డానో, తర్వాత అంత బాధపడ్డాను.

యూనిఫాంలో ఉన్న వాడి ఫొటో షెడ్డులో నా బల్ల ఎదురుగా గోడకి అంటించారు. ట్రైనింగ్ అయ్యాక డ్యూటీకి గుడివాడ స్టేషన్లో రైలెక్కించిన రోజున ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా వాడి భుజం తట్టి వెళ్లారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. మా ఆవిడ నాగలక్ష్మి మాత్రం బ్యాగు జిప్పు మూడుసార్లు తీసి మూడుసార్లు వేసింది.

ఆమె భయపడినప్పుడల్లా నేను లెక్క చెప్పేవాణ్ణి. దేశంలో ఎన్ని లక్షలమంది సైనికులున్నారు, అందులో ప్రమాదం ఎంతమందికి, అదెంత చిన్న సంఖ్య. ఒకరోజు చేపలు తోముతూ తల ఎత్తకుండానే అంది.

"మీ లెక్కలో లక్షకి ఒకడండీ. నా లెక్కలో ఒకటికి ఒకడు."

ఆ తర్వాత ఆ లెక్క మళ్లీ చెప్పలేదు.

ఇక జరిగిన సంగతి.

వాడికి ఉత్తరాన కొండల్లో డ్యూటీ పడింది. ఒక ఆదివారం ఫోన్ చేసి, పై పోస్టుకి వెళ్తున్నామని, పది పన్నెండు రోజులు సిగ్నల్ ఉండదని చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ తొమ్మిది రోజులకి మించి వాడి గొంతు వినకుండా లేం. పన్నెండో రోజు దాటింది. పదమూడు, పద్నాలుగు. నాగలక్ష్మి వాళ్ల అమ్మని తోడు తీసుకుని హంసలదీవి గుడికి వెళ్లి మొక్కుకుని వచ్చింది. నేను వెళ్లలేదు. ఫోన్ మాత్రం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంచుకున్నాను.

పదిహేడో రోజు బుధవారం. ఆ రోజు నేనొక దుప్పటి అద్దాను.

ఇక్కడ మా పని కొంచెం చెప్పాలి. దుప్పటి తొంభై అంగుళాల వెడల్పు, నూట ఎనిమిది పొడవు. చుట్టూ నాలుగు అంగుళాల అంచు పోతే లోపల ఎనభై రెండుకి వంద. అచ్చు నాలుగు అంగుళాల చదరం, ఒకటే పువ్వు. వరసకి ఇరవై నిండు పువ్వులు, చివర సగం పువ్వు. అలాంటివి ఇరవై ఐదు వరసలు. అంచు మీద పడకుండా కాగితం అడ్డం పెట్టి ఆ సగం కొడతాం.

కుడిచేతివాటం వాళ్లందరూ ఎడమ నుంచి మొదలుపెడతారు. లేకపోతే అద్దిన తడి మీద మన చెయ్యే పడి చెరిగిపోతుంది. అందుకని సగం పువ్వు ఎప్పుడూ కుడి చివర వస్తుంది. ప్రవీణ్‌ది ఎడమచేతివాటం. మా షెడ్డులో వాడొక్కడే కుడి నుంచి ఎడమకి వచ్చేవాడు. వాడి దుప్పట్లలో సగం పువ్వు ఎడమ పక్కన ఉండేది. పైగా వాడి చేతి ఒత్తిడికి ప్రతి పువ్వులో ఎడమ రేకలు కాస్త ముదురుగా పడేవి. పదిమంది అద్దిన గుడ్డలు కలిపేసినా వాడివి విడిగా తీసి పెట్టొచ్చు.

ఇంకొక్క సంగతి. ఎరుపు అద్దకం అంటే మేము అద్దేది ఎరుపు కాదు, పటిక కలిపిన జిగురు నీళ్లు. అద్దినప్పుడు తడి మరకలా ఉంటుంది, ఆరితే పోల్చుకోవడం కష్టం. నాలుగైదు రోజులాగి కాలవ నీళ్లలో జాడించి, రాగి కాగులో రంగుచెక్క వేసి ఉడకబెడితే అప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. ఏం అద్దామో అప్పుడే కంటికి కనబడుతుంది.

ఆ బుధవారం తొమ్మిదింటికి మొదలుపెట్టాను. ప్రతి ఐదు వరసలకి టైము రాసుకోవడం నా అలవాటు. పుస్తకంలో ఇలా ఉంది: ఐదు వరసలకి తొమ్మిదీ ముప్ఫై ఐదు, పదికి పదీ పది, పదిహేనుకి పదీ నలభై ఐదు. అప్పుడు పావుగంట టీ. ఇరవైకి పదకొండూ ముప్ఫై ఐదు, ఇరవై ఐదుకి పన్నెండూ పది. ఎక్కడా నిమిషం తేడా లేదు. ఫోన్ రెండుసార్లు తీసి చూశాను, అదీ గుర్తుంది.

సోమవారం ఉడకేశారు. నేను లోపల అచ్చులు కడుగుతున్నాను. కాగు దగ్గర పనిచేసే కోటేశ్వరరావు తడి దుప్పటి భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం బావా, అల్లుడు ప్రవీణ్ లీవులో వచ్చాడా? మాట మాత్రం చెప్పలేదే!"

నాకు అర్థం కాలేదు. దుప్పటి బల్ల మీద పరిచాడు. మొదటి ఎనిమిది వరసలు నావి. ఇరవయ్యో వరస నుంచి చివరి దాకా నావి. మధ్యలో తొమ్మిది నుంచి పందొమ్మిది దాకా ప్రతి పువ్వూ నా పువ్వులకి రెండంగుళాలు పక్కకి జరిగి ఉంది. ఆ వరసల్లో సగం పువ్వు ఎడమ పక్కన ఉంది. ఎడమ రేకలు ముదురుగా ఉన్నాయి.

పదకొండు వరసలు. మూడుసార్లు లెక్కపెట్టాను.

"నువ్వే కొట్టావా ఇది?" అన్నాడు కోటేశ్వరరావు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

నా ఎదురు బల్ల మీద పనిచేసే మరియమ్మని అడిగాను. బుధవారం నా బల్ల దగ్గరికి ఇంకెవరైనా వచ్చారా అని.

"ఎవరొస్తారన్నయ్యా! టీకి కూడా ఇక్కడే నిలబడి తాగావుగా. నువ్వే కొట్టావు, ఎప్పట్లాగే. మధ్యమధ్యలో జేబు తడుముకుంటున్నావు."

పరధ్యానంలో నేనే కుడి నుంచి కొట్టి ఉంటానా? అదే రోజు పాత గుడ్డ మీద మూడు వరసలు అలా కొట్టి చూశాను. కుడిచేత్తో కొడితే ప్రతి వరసలో నాలుగైదు పువ్వులు చెరిగాయి. ఎడమచేత్తో కొడితే పువ్వుకీ పువ్వుకీ మధ్య ఒక్క అతుకూ కలవలేదు. మామూలుగా ఏడు నిమిషాల వరస పన్నెండు నిమిషాలు దాటింది. పుస్తకంలోని టైముల్లో అంత తేడా ఎక్కడా ఇమడదు. దుప్పటిలో మాత్రం ఒక్క పువ్వూ చెరగలేదు, ఒక్క అతుకూ తప్పలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్లి నాగలక్ష్మికి ఏమీ చెప్పలేదు. ఇరవై రెండో రోజు అది. మనసులో ఒకే ఒక్క ఆలోచన తిరిగింది, దాన్ని ఇక్కడ రాయడం కూడా నాకు ఇష్టం లేదు. కొడుకు చేతిపని వాడు లేని చోట కనబడితే తండ్రికి ఏం అనిపిస్తుందో చదివేవాళ్లే ఊహించుకోండి. కొలిచి గీసిన ఆ సున్నం గీతే కళ్లముందు కనబడింది. ఆ ఐదు నిమిషాల పద్దెనిమిది సెకన్ల దగ్గర నేను వాచీ కాస్త ఆలస్యంగా నొక్కి ఉంటే వాడు అద్దకం బల్ల దగ్గరే ఉండేవాడు కదా అనిపించింది.

మర్నాడు, మంగళవారం సాయంత్రం ఫోన్ మోగింది.

నాగలక్ష్మి ముందు మాట్లాడింది. మాట్లాడిందంటే, ఏడ్చింది. తర్వాత నాకు ఇచ్చింది. కింద ఆసుపత్రిలో ఉన్నానని, చలికి కాలివేళ్లు మొద్దుబారితే ఉంచారని, ఇప్పుడు బాగానే ఉన్నానని చెప్పాడు. మంచు జారి వాళ్లున్న బంకరు తలుపు మూసుకుపోయిందట. లోపల ముగ్గురు. తవ్వి తీసేసరికి గంటన్నర పట్టిందట.

నేను దుప్పటి సంగతి ఎత్తలేదు. ముందు అడగాల్సినవి అడిగాను.

"ఏ రోజురా?"

"మొన్న బుధవారం నాన్నా."

"గంటన్నర ఏం చేశారు?"

"నిద్రపోతే పోయినట్టే అన్నాడు మా సీనియరు. ఎవడికి తోచింది వాడు చేశాం. ఒకడు వాళ్లూరి దాకా రైల్వే స్టేషన్లన్నీ వరసగా చదివాడు. నేనేమో దుప్పటి అద్దాను. నవ్వకు నాన్నా. చీకట్లో కళ్లు మూసుకుని ఒక్కో పువ్వూ కొట్టుకుంటూ వెళ్లాను."

"ఎన్ని వరసలు అయ్యాయి?"

"పదకొండు. పన్నెండోది మొదలెట్టబోతుంటే తలుపుకి పార తగిలిన చప్పుడైంది."

వాడు అద్దే వేగం నాకు తెలుసు. వరసకి ఎనిమిది నిమిషాలు. పదకొండు వరసలకి ఎనభై ఎనిమిది నిమిషాలు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, పుస్తకం తీసి ఆ బుధవారం పేజీ వెతికాను. "నాన్నా, ఉన్నావా?" అని రెండుసార్లు అడిగాడు. ఉన్నానన్నాను.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ సరిపోనిది కూడా చెప్పాలి. మంచు జారింది మధ్యాహ్నం రెండు దాటాక అని వాడే చెప్పాడు. నా దుప్పటి పన్నెండూ పదికి అయిపోయింది. అంటే నేను ఆ వరసలు అద్దే సమయానికి వాడు ఇంకా బంకరు బయటే, ఎండలో, బాగానే ఉన్నాడు. టైము ఎటునుంచి వేసినా కనీసం రెండు గంటలు మిగిలిపోతోంది. ఆ రెండు గంటలని ఏ పక్క రాయాలో నాకు తెలియలేదు.

దుప్పటి అమ్మకానికి పనికిరాదని షెడ్డు యజమాని పక్కన పెడితే ఇంటికి తెచ్చుకున్నాను. సంగతంతా విని నాగలక్ష్మి మధ్య వరసల మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

నాలుగు నెలల తర్వాత వాడు లీవులో వచ్చినప్పుడు అంతా చెప్పి దుప్పటి చూపించాను. వేలితో ఒక్కో అతుకూ తడిమాడు.

"నా చెయ్యే నాన్నా. కాకపోతే నేను ఇంత నీటుగా ఎప్పుడు కొట్టాను? నువ్వే తిట్టేవాడివిగా!"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే, మళ్లీ పైకి వెళ్లొద్దురా అందామనుకున్నాను. అనలేదు. వాడు కాలివేళ్లకి మందు రాసుకుంటూ, తనతో ఇరుక్కున్న ఇద్దరి గురించి చెబుతున్నాడు. వాళ్లు అప్పటికే మళ్లీ పోస్టులో ఉన్నారట. "నేను వెళ్తే వాళ్లలో ఒకడికి లీవు దొరుకుతుంది" అన్నాడు. నాకు భయంగా ఉంది అన్నాను, అంతవరకే. వాడితో ఆ మాట అనడం అదే మొదటిసారి. "నాకూ ఉంటుంది నాన్నా" అన్నాడు. వారం తర్వాత వెళ్లిపోయాడు. ఇప్పుడు మళ్లీ పై పోస్టులోనే ఉన్నాడు.

దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. మా అత్తగారు ఈ సంగతికి తన పద్ధతిలో ఏదో పేరు పెట్టింది, నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా ఉండడానికి నా దగ్గర లెక్కా లేదు.

కాగు దగ్గర పని నాది కాదు. అయినా ఉడకేసిన ప్రతిసారీ వెళ్లి నిలబడుతున్నాను. నేను అద్దిన దుప్పటి బయటికి తీసేటప్పుడు అన్నిటికన్నా ముందు ఎడమ అంచు చూస్తాను. అక్కడ నిండు పువ్వే ఉంటోంది, ఇప్పటిదాకా. అది చూసి వాడికి ఆపద లేదని ధైర్యపడాలో, వాడి చెయ్యి ఇంకా ఆడుతోందని చెప్పే ఆ సగం పువ్వు కోసం ఎదురుచూడాలో నాకు తెలియడం లేదు. కోటేశ్వరరావు కర్రతో దుప్పటిని నా వైపుకి తిప్పి, నేను చూసేదాకా పట్టుకుని ఆగుతాడు.