సంపూర్ణమ్మ మెడలో ఈల

రాజమండ్రి గట్టు మీద చేపలమ్మే ఆడవాళ్లలో సంపూర్ణమ్మకి నోరు పెద్దదని పేరు. ఈల ఉద్యోగం తనకి అందుకే ఇచ్చారని నవ్వుతూ చెప్పుకునేది.

పుష్కరాల పనులకని రేవు పక్కనున్న పాత చేపల షెడ్డు పడగొట్టారు. కొత్తది కట్టేదాకా అందరూ రోడ్డు వారనే తట్టలు పెట్టుకున్నారు. పునాదులు తవ్వేటప్పుడు పాతకాలపువి ఏమైనా బయటపడతాయేమో చూడడానికి రమ్యశ్రీ అనే పురావస్తు పరిశోధకురాలు వచ్చింది. ఒక్క మనిషే రెండు గుంతల దగ్గరా ఉండడం కుదరదు కదా. రెండో గుంత చూడమని సంపూర్ణమ్మని కూలికి పెట్టుకుని, మెడలో ఈల వేసింది. తెలియనిది ఏది కనపడినా ఊదాలి. ఊదితే తవ్వే మిషన్ ఆగాలి.

చిక్కంతా అక్కడే. వరదనీటితో గోదావరి ఎర్రబడితే పులస చేప ఏటికి ఎదురెక్కుతుంది. ఏడాదిలో వాళ్లు నాలుగు డబ్బులు కళ్లజూసేది ఆ కొద్ది వారాలే. ఆలోగా షెడ్డు లేవాలి, లేదంటే వానలో కూర్చుని అమ్మాలి. పక్కనే చేపలమ్మే సంపూర్ణమ్మ తోడికోడలు చిన్నమ్మాయి రోజూ పొద్దున్నే చెప్పేది:

"అక్కా, ఆ ఈల మెడలో ఉంటేనే అందం. నోట్లో పెట్టుకోకు."

ఒక మధ్యాహ్నం మిషన్ బకెట్ పైకి లేచేసరికి గుంత గోడలో ఎర్రటి వంపు కనపడింది. కాల్చిన మట్టితో చేసిన గుండ్రటి వర. దాని కింద ఇంకో వర అంచు. డ్రైవర్ వీరబాబూ చూశాడు. బకెట్ గాల్లోనే ఆపాడు. తట్టల వెనకున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"పాత మరుగుదొడ్డి గుంటే పిన్నిగారూ. లాగేస్తాను, జరగండి" అన్నాడు వీరబాబు.

"దొడ్డి గుంటేనంటావా?"

"మా ఇంటెనకాల ఇలాంటియ్యే. అవి సిమెంటు వరలు, ఇవి మట్టివి. అంతే తేడా."

చిన్నమ్మాయి అంచుదాకా వచ్చేసింది. "ఎవరిదో దొడ్డి కోసం మమ్మల్ని వానలో కూర్చోబెడతావా అక్కా?"

సూపర్‌వైజర్ పల్లంరాజు మోగని ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. తను చూడలేదని చెప్పుకోవడానికి అది చాలు.

అదేంటో సంపూర్ణమ్మకి నిజంగానే తెలియదు. దొడ్డి గుంటే కాబోలు అని ఆమెకీ అనిపించింది. ఇంజన్ గుర్రుమంటోంది. బకెట్ పళ్లు వరకి జానెడు దూరంలోకి దిగాయి.

ఈల ఊదింది.

ఎందుకు ఊదావని తర్వాత అడిగితే, "తెలియకపోతే ఊదమన్నారండి. నాకు తెలియలేదు" అంది.

రమ్యశ్రీ పరుగున వచ్చి గుంతలోకి దిగింది. బ్రష్షుతో అంచు తుడుస్తూ చాలాసేపు లేవలేదు.

"ఇప్పుడే చెప్పలేనండి. నుయ్యి కావచ్చు. ఈ మూల ఎవరూ ముట్టుకోవద్దు."

"కావచ్చంట" అంది చిన్నమ్మాయి, పక్కవాళ్లకి వినపడేట్టు.

ఆ సాయంత్రం సంపూర్ణమ్మ కూర్చునే చోట ఇంకెవరిదో తట్ట ఉంది. ఏమీ అడగకుండా వరస చివరికి వెళ్లి, మురుగుకాలవ పక్కన పరదా కట్టుకుంది. అప్పటినుంచి చిల్లర కావాల్సొచ్చినా ఆమెని ఎవరూ పలకరించలేదు.

వరదొచ్చింది. ఆ మూల పని ఆగడంతో షెడ్డుకి స్తంభాలే లేచాయి. మొదటి పులస చిన్నమ్మాయి తట్టలోకే వచ్చింది. కారు దిగి బేరమాడుతున్నవాళ్లు వాన జోరెక్కగానే కారెక్కి వెళ్లిపోయారు. చిన్నమ్మాయి తట్ట ఎత్తుకుని వరస పొడవునా నడిచి, సంపూర్ణమ్మ ఎదురుగా నిలబడింది. తిట్లు మొదలవుతాయని అందరూ అటు తలలు తిప్పారు.

"ఆ మేడమ్ చెప్పిందా? ఎంత పాతదంట?"

"ఇంకా లేదు. పెంకులేవో పరీక్షకి పంపిందంట."

"పాతదే అవ్వాలి."

"అవ్వాలి."

"దొడ్డని తేలిందో, జన్మలో నీతో మాట్లాడను." చిన్నమ్మాయి పరదా కిందకి వంగి దూరి, తట్ట దించింది. "జరుగు."