మంచం కింద తుపాకి మందు

తొంభైల మొదట్లో తొలి కాన్పుకని కోదాడ దగ్గర చిలుకూరులోని పుట్టింటికి వచ్చాను. మా నాయనకు లైసెన్సు తుపాకి ఉండేది. ఆదివారాలు చెలక గట్టు మీద పాత కుండలు పెట్టి గురిచూసి కాల్చడం ఆయన సరదా. కొత్త తూటాల ధర భరించలేక, కాల్చిన ఖాళీ గొట్టాలనే దాచి ఇంట్లో మళ్లీ మందు నింపుకునేవాడు.

పాప పుట్టిన పదో రోజు. చెమ్మగిల్లిన మందును నాయన చాటలో పోసి వాకిట్లో ఎండబెట్టాడట. చినుకులు పడగానే చాటను నా నులకమంచం కిందికి తోసి, కల్లంలో వడ్లు తడుస్తున్నాయని పరుగెత్తాడట. నేను నిద్రలో ఉన్నాను.

మాలో బాలింత మంచం కిందే కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేస్తారు. పాపకు నీళ్లు పోసి నా పక్కన పడుకోబెట్టి, అమ్మ నిప్పులు తేవడానికి వెళ్లింది. జారిపడిన పొత్తిగుడ్డ కోసం మంచం కిందికి చేయి చాపాను. వేళ్లు నల్లగా అయ్యాయి. టపాసుల వాసన! తలెత్తేసరికి అమ్మ ఎర్రటి నిప్పుల కుంపటితో గడప దాటుతోంది.

పాపను హత్తుకుని దూకి, అమ్మకు అడ్డంగా నిలబడ్డాను.

"పచ్చి బాలింతవు, గట్ల దుంకుతవేందే! జరుగు, నిప్పులు సల్లారుతయి" అని కసిరింది.

నా వేళ్లు చూపించాను. అమ్మ వెనక్కి వెళ్లి కుంపటిని వానలో పెట్టింది. తర్వాత చాటను కూడా అదే వానలో బోర్లించింది. తడిసి వచ్చిన నాయన వాకిట్లో పారుతున్న నల్లటి నీళ్లు చూశాడు.

"పాప యాడుంది?" అన్నాడు, అంతే.

మొన్న ఆ పాపే పురిటికి వచ్చింది. కుంపటి పెట్టే ముందు మంచం కింద చేత్తో తడిమాను.

"ఏం దేవులాడుతున్నవ్ అమ్మా?" అంది.

దానికి చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.