ఎద నెత్తురు అది

ఆరేళ్ల కింద మూడు మాటలన్నాను. ఆ బరువు ఇప్పటిదాకా ఎవరి ముందూ దించలేదు. మూడో తరగతితో బడి మానినదాన్ని, రాతలో తప్పులుంటే మీరే సర్దుకోండి.

పుంగనూరు దగ్గర మా టమోటా తోటకు రాజు అనే మగకుక్క కాపలా. దాని మర్మస్థానంలో కాలీఫ్లవర్ పువ్వులా గడ్డ లేచి నెత్తురు కారింది. మదనపల్లె పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇది క్యాన్సరని, కుక్కలు కలిస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుందని, వారం వారం సూది వేయిస్తే చాలావరకు నయమవుతుందని, అంతదాకా కట్టేయమని చెప్పాడు డాక్టరు.

నమ్మలేదు. మా ఆయన గొంతు క్యాన్సర్‌తో పోయాడు. అది అంటురోగం కాదని అప్పటి డాక్టర్లు చెబితే, ఆయన మిగిల్చిన గంజి పారబోయలేక నేనే తాగేదాన్ని. నాకేమైంది? మనుషులకు అంటనిది కుక్కలకు అంటుతుందా? నిజంగా నమ్మలేదా, లేక సూదుల ఖర్చు మిగులుతుందని నమ్మదలచుకోలేదా? రెండు సూదులకు నెత్తురు ఆగింది. గొలుసు విప్పేశాను.

పక్క చేను షంషాద్‌ది. మొగుడు లేని మనిషి. పది మేకలు, వాటికి కాపలాగా ఒక ఆడకుక్క. దానికి బిల్లీ అని, అంటే పిల్లి అని, నవ్వుతాలుకు పేరు పెట్టింది. ఆ ఏడు బిల్లీ ఎదకు వచ్చినప్పుడు రాజు, అది కలిశాయి. కొన్ని నెలలకు షంషాద్ వచ్చింది.

"పెద్దక్కా, మా బిల్లీకి నెల దాటినా నెత్తురు ఆగలేదు. ఆస్పత్రికి ఎత్తుకోని పోదునా?"

"ఎద నెత్తురు అది. యాల దుడ్లు పారేస్తావు?"

"మీ రాజుకూ ఇట్లే కారె గదా?"

"వానికి ముల్లు గీసుకునింది, అంతే."

షంషాద్ నవ్వింది. "దమ్మిడీ కర్సు పెట్టవు గానీ, అబద్ధం మాత్రం సెప్పవులే పెద్దక్కా."

ఆ పొద్దున్నే రాజుకు గడ్డ మళ్లీ లేవడం నేను చూశాను. బిల్లీకీ నెత్తురు కారుతోందనగానే, అంటుతుందన్న డాక్టరు మాట నిజమని తెలిసిపోయింది. తెలిసే అన్నాను. నా కుక్క వల్లే వచ్చిందని చేల గట్లమీద చెప్పుకుంటారని భయం.

బిల్లీ మూత్రం రాక, ఈగలు ముసిరి, పాకుతూ చచ్చింది. కాపలా లేని దొడ్డిలో ఊరకుక్కలు పడి ఆరు మేకల్ని చీల్చేశాయి. మిగిలినవి అమ్ముకుని షంషాద్ కుప్పంలో కూతురి దగ్గరికి పోయింది. అక్కడి కూరగాయల మండీలో కుళ్లినవి ఏరుతోంది.

రాజుకు మాత్రం ఎవరికీ చెప్పకుండా మిగతా సూదులు వేయించాను. బతికాడు. ఇది రాస్తుంటే నా కాళ్ల దగ్గరే పడుకుని ఉన్నాడు.

పోయిన నెల షంషాద్ ఫోన్ చేసింది. "రాజు ఉండాడా పెద్దక్కా?"

ఉండాడన్నాను.

"ఆ మాత్రం సాలు."

ఆమెకు చదువు రాదు. ఈ రాత ఆమెకు చేరదు. అందుకే ఇంత ధైర్యం వచ్చిందేమో.

అది ఎద నెత్తురు కాదు షంషాద్. నాకు తెలుసు.