దెబ్బ తగలని హీరో

ఒక సినిమా హీరో కోసం ఓబులేసు అంత పట్టుగా వాదించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పదిహేనేళ్ళ కిందట ఒక పని మీద కువైట్ వెళ్ళి, కొన్ని నెలలు మంగఫ్‌లో ఉన్నాను. కంపెనీ బస్సులో నా పక్క సీటు అతనిది. కడప జిల్లా మనిషి, వెల్డరు. ఒక ఉదయం ఎడమ మణికట్టుకు కట్టుతో బస్సెక్కాడు; ముందు రోజు సైటులో పరంజా మీంచి జారిపడ్డాడట.

ఇద్దరం ఒకే ఇంగ్లీషు సూపర్ హీరో సినిమా చూశాం. నేను హైదరాబాదులో, అతను కువైట్‌లో. కామిక్స్‌లో తుపాకీ గుండుకు కూడా చలించని వీరుణ్ణి సినిమాలో మరీ మెత్తగా చేశారని నా ఫిర్యాదు.

"మెత్తనోడా? బిల్డింగు మీద పడినా తెల్లారే లేచి పరిగెత్తినాడు కదన్నా," అన్నాడు.

"తెల్లారే ఎక్కడ లేచాడు? వారం రోజులు మంచం మీదే ఉన్నాడు. హీరోయిన్ గాయాలు కడిగి, కట్లు కట్టి, ముద్దు పెడుతుంది."

ఓబులేసు నవ్వాడు. "ముద్దుందా? అట్లయితే ఖలాస్. ఈడ హాల్లో ముద్దు రానీరన్నా. దాంతోపాటు మంచం, కట్లు అన్నీ కత్తిరించేసినారు."

సెన్సారు కత్తెర వల్ల హీరో ఒంటికి అంత బలం వచ్చిందన్నమాట. గెలిచాననుకున్నాను. "అంత దెబ్బ తిన్నవాడు పొద్దున్నే ఎలా లేచాడని నీకు అనుమానం రాలేదా?"

బస్సు సైటు గేటు దగ్గర ఆగింది. ఓబులేసు హెల్మెట్ పెట్టుకుని, చొక్కా చేతిని కట్టు మీదకు లాక్కున్నాడు.

"ఎందుకొస్తాదన్నా?" అన్నాడు. "నిన్న పడినోణ్ణి, నేను రాలేదా?"